ఉయ్యెల శయ్య యగునా?

పసిబిడ్డలకు మంచమునకు మాఱుగా నుయ్యెలనే రాత్రింబగళ్లు పడకగా నుపయోగించు వాడుక నేఁడు పట్టణములందలి చిన్నయిండ్లలోఁ గానవచ్చుచున్నది. ఇనుపచట్రమునకు వ్రేలాడు గుడ్డతొట్లును, స్ప్రింగులు గూర్చిన డోలికలును, కొంచెము పెద్దపిల్లలకై వలయుయ్యెలలును అంగళ్లలో విరివిగా దొరకుచున్నవి. ఇది వైద్యులు విచారింపవలసిన విషయము గాని సాహిత్యపరిశోధకుల కిందుఁ బని యేమి యని కొంద ఱడుగవచ్చును. ఈ వస్తువునకు మనవారు పెట్టిన పేళ్లను, ఆ పేళ్లను నిఘంటుకారులు చేర్చిన తావులను బరిశీలించినచోఁ బూర్వులు దీనిని శయ్యలలోఁ గాక వాహనములలోఁ జేర్చిరని తేటపడును. ఈ భేదము మాటలలోనిది మాత్రమే కాదు. బిడ్డ యూపిరికిని దీనికిని సంబంధము కలదు.

అమరకోశమును వల్లించినవారికి నొక సంగతి జ్ఞాపకముండును. శయ్య, శయనీయము, మంచము, పర్యంకము, పల్యంకము, ఖట్వ యను మాటలన్నియు ద్వితీయకాండమున మనుష్యవర్గములోఁ బఠింపఁబడినవి. డోలయుఁ బ్రేంఖయు నచటలేవు. అవి క్షత్రియవర్గమున, రథములను శిబికను జెప్పినచోట, పల్లకిప్రక్కనే చోటు చేసికొన్నవి. పరుండుటకుఁ బనికివచ్చునవి యొకచోటను, మనుష్యుని మోయునవి యొకచోటను నమరసింహుఁ డుంచినాఁడు. ఛందస్సు కుదురుటకై చేసిన కూర్పని దీనిని ద్రోసిపుచ్చుటకు వీలులేదు. ధాతువులు సయిత మీ విభాగమునకే సాక్ష్య మిచ్చుచున్నవి. శయ్య శీఙ్‌ధాతువునుండి వచ్చినది; దాని యర్థము నిద్ర. డోలకు మూలమైన దులధాతువున కర్థ ముత్క్షేపము, అనఁగా మీఁదికెత్తుట. ప్రేంఖయందలి యింఖధాతువునకు గమన మర్థము. ఒకటి నిలుకడను జెప్పును, తక్కినవి రెండును గదలికను జెప్పును. వేదకాలమునను ప్రేంఖము శయనసాధనము కాదు. ఋగ్వేదము సప్తమమండలమున వరుణసూక్తములలో సూర్యుఁడు బంగారుటుయ్యెలగా వర్ణింపఁబడెను. మహావ్రతమను యాగదినమున హోత ప్రేంఖము నధిరోహించి శస్త్రము పఠించునని యైతరేయారణ్యకము విధించుచున్నది.

దేశభాషలలో నీ శబ్దముల నడక యింకను విచిత్రమైనది. పల్యంకము మంచము. హిందీలోఁ బలంగనఁగా నేఁటికిని మంచమే. అదే పల్యంకము బోయల భుజములమీఁది కెక్కి తెలుగునఁ బల్లకియు, హిందీలోఁ బాల్కీయు నైనది. మోయువారు దొరకఁగానే మంచము వాహనముగా మాఱినదన్నమాట. డోల యందుకుఁ బ్రతిగా మంచము కాలేదు, డోలీ యయినది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండపల్లెలలో దారి లేనిచోట గర్భిణులను రోగులను గఱ్ఱకుఁ గట్టిన దుప్పటిలోనుంచి మోసికొనివచ్చెడి సాధనమును నేఁటికిని డోలీ యనియే యందురు. బిడ్డకు దూలమునఁ గట్టిన చీరకును, రోగికిఁ గఱ్ఱనుగట్టిన దుప్పటికిని నిర్మాణమున భేదము లేదు. ఒకదానిని భుజము మోయును, వేఱొకదానిని దూలము మోయును.

తెలుగున నీ సాధనమునకు ముఖ్యముగా రెండు పేళ్లు. ఉయ్యెల, ఉయ్యాల, ఊయల యనునవి యూఁగుటను బట్టి వచ్చిన రూపములు. కన్నడమున నుయ్యాలె, తమిళమున నూసల్, ఊంజల్ వీనికి జ్ఞాతులు. తొట్టె, తొట్టెల, తొట్ల యనునవి రెండవ జట్టు. తమిళ మలయాళములందలి తొట్టిల్, కన్నడపుఁ దొట్టిలు వీనితోడివి. ఉయ్యెల పెద్దలకును బిన్నలకును, కడకు దేవునికిని జెల్లును. తొట్టె బిడ్డకుఁ బ్రత్యేకము. తెలంగాణమున బిడ్డను మొదటిసారి తొట్టెలో వేయు వేడుకను దొట్టెల యనియే పిలుతురు. 21వ దినమునఁ జేయుట ప్రసిద్ధము. బోనాలపండుగలో హైదరాబాదునందు వెదురుబద్దలతో రంగుకాగితములతోఁ గట్టి యమ్మవారికి సమర్పించు కట్టడమునకుఁ గూడఁ దొట్టెల యనియే పేరు. అరవమున మఱియొక సూక్ష్మభేదము కలదు: కొయ్యతోఁ జేసినది తొట్టిల్, గుడ్డను వ్రేలఁగట్టినది యేణై, లేదా తూళి. మనకుఁ జీరయుయ్యెల యను సమాసమే దిక్కు. పసిబిడ్డల పాటలకు వ్యాఖ్య చేయు నుపాధ్యాయులు కొయ్యతొట్టెనా, గుడ్డయుయ్యెలనా కవి యుద్దేశించినది యని విచారింపక ‘పడక’ యని ముగించినచో బాలురకు వస్తుజ్ఞానము కలుగదు.

చీరయుయ్యెల నిర్మాణము చూచుటకు సులభము, చేయుటకు నేర్పు కావలయును. నూలుచీర, అందును బలుమాఱు లుతికి మెత్తఁబడినది, శ్రేష్ఠము. క్రొత్తచీర గంజిచేత బిఱుసుగానుండి బిడ్డ మేనిని ఒఱయును. పట్టు ముడి నిలువక జాఱును. చీరను మడిచి దూలముమీఁదుగా వేసి ముడివైచినప్పుడు క్రింద సంచివంటి పల్లము ఏర్పడును. ఆ పల్లము మిక్కిలి లోఁతుగానున్న బిడ్డ వీఁపు విల్లువలె వంగును. లోఁతు చాలకున్న బిడ్డ దొరలిపడును. ఇందు ముఖ్యమైన యంగము చీర కాదు; అడ్డకఱ్ఱ. బిడ్డకుఁ బైగా, చీర రెండంచుల నడుమ నొక కఱ్ఱ నిమిడ్చి యంచులు దగ్గఱకు రాకుండఁ జేయుదురు. అది లేనిచో గుడ్డ రెండువైపులనుండి మూసికొని ముఖముపైఁ బడును, గాలి యాడదు. చేలగట్టున వేపకొమ్మకో తుమ్మకొమ్మకో గట్టిన యుయ్యెలలోఁ గూలిజనము ఈ కఱ్ఱను మఱవరు. అంగడిలోఁ గొన్న గుడ్డతొట్లు కొన్నిటియందు మాత్ర మది కానరాదు! దూలపుఁ గొలతయు మనము పట్టించుకొనవలసినదే. వ్రేలాడు పొడవు 2 మీటర్లైనచో నొకసారి పోయివచ్చుటకు సుమారు 2.8 సెకండ్లు పట్టును. 1 మీటరైనచో 2 సెకండ్లే. బిడ్డ బరువునుబట్టి యీ కాలము మాఱదు. పాతయిండ్ల యెత్తైన దూలమునుండి వ్రేలాడిన యుయ్యెల మెల్లఁగా నూఁగుటకును, పొట్టిచట్రపుఁ దొట్టె త్వరత్వరగాఁ గొట్టుకొనుటకును గారణ మిదియే.

మెల్లని యూఁపు నిద్ర తెచ్చునని తల్లు లెఱిఁగినదానిని జెనీవాలోని పరిశోధకులు 2011లోఁ బెద్దవారియందుఁ బరీక్షించిరి. 4 సెకండ్లకొక యూఁపుగాఁ గదలు మంచముమీఁదఁ బగటివేళ 45 నిమిషములు పరుండినవారు, కదలని మంచముమీఁదికంటె త్వరగా నిద్రించిరి, గాఢముగాను నిద్రించిరి. కావున నుయ్యెల గుణము సత్యమే, ఎవ్వరును గాదనరు. నిద్ర పుచ్చుట వేఱు, నిద్రలో రాత్రియంతయు నుంచుట వేఱు. ఊఁచువారు లేక యుయ్యెల యూఁగదు. జోలపాట లన్నియు నీ నియమముమీఁదనే పుట్టినవి: పాడువారుండిరి, పాటకుఁ దగినట్లు చేయి త్రాడుమీఁదనుండెను. పాట యాగునప్పటికి బిడ్డ కనులు మూయును. పిదపఁ జాపమీఁదికిఁ జేర్చుట గృహిణులలోఁ బలువురు పాటించునది. ఖాళీయుయ్యెల నూఁపఁగూడదు, ఊఁపిన బిడ్డకుఁ గడుపునొప్పి వచ్చునని యొక నమ్మకము తెలుఁగునాట వ్యాపించియున్నది. కడుపునొప్పి మాట యెట్లున్నను, ఉయ్యెలయుఁ జేయియు బిడ్డయు నొకటిగా నుండవలెనను భావము దానిలో నున్నది.

ఇందుకుఁ బ్రత్యుదాహరణముగాఁ దిరుమలలోని యేకాంతసేవను జూపవచ్చును. అచట భోగశ్రీనివాసమూర్తిని వెండిగొలుసులకు వ్రేలాడు బంగారుమంచముమీఁదఁ బవళింపఁజేయుదురు. మంచమును డోలయు నచట నేకమైనవి, నిజమే. అప్పుడును దాళ్లపాకవారి లాలిపాట యుండవలయును. అన్నమాచార్యుఁడు (1408–1503) లాలులు, ఉయ్యాలపాటలు విశేషముగా రచించెను. దేవుని సేవలో సయితము గదలు శయ్యకుఁ గాపువారు తప్పలేదు.

వైద్యగ్రంథము లీ విషయమున నేమి పలికినవి? చరకసంహిత శారీరస్థానము 8వ యధ్యాయమునఁ గుమారాగారమును వర్ణించుచు బిడ్డ శయనాస్తరణములు మెత్తనివై, తేలికయై, శుచియై, సుగంధములై యుండవలెననియు, చెమట మలము క్రిములు గలవానిని విడువవలెననియు, వేఱు లేనిచో నుతికి, ధూపము వేసి, యారఁబెట్టి వాడవలెననియుఁ జెప్పఁబడినది. ధూపమునకు యవలు, ఆవాలు, ఇంగువ, గుగ్గులు, వస మొదలగునవి. సుశ్రుతుఁడు శారీరస్థానము 10వ యధ్యాయమున నింకను సూక్ష్మముగాఁ జెప్పెను: బిడ్డను దటాలున మేల్కొలుపరాదు, వెఱచును, తటాలున నెత్తరాదు, ఎగురవేయరాదు, వాతాదులు చెడును, అకాలమునఁ గూర్చుండఁబెట్టరాదు, గూని వచ్చును. ఈ మూఁడు నిషేధములను నేఁటి స్ప్రింగు డోలికకుఁ బట్టి చూడుఁడు. చీరయుయ్యెల యటునిటు విల్లువలె సాగును. స్ప్రింగు మీఁదికిఁ గ్రిందికిఁ గుదుపును. సుశ్రుతుని నిషేధములలో రెండవది దానికిఁ దగిలినట్లే నాకుఁ దోఁచుచున్నది. లోఁతైన గుడ్డపల్లమున వీఁపు వంగియుండుట మూఁడవదానికి దూరము కాదు.

ఆధునికవైద్యము కారణమును మఱింత స్పష్టము చేసినది. శిశువు తల తక్కిన యొడలితోఁ బోల్పఁగాఁ బెద్దది, మెడ బలహీనము. వీఁపు వంగిన పల్లములోఁ బరుండినచో గడ్డము ఱొమ్మునకు నానును. అప్పుడు సన్నని శ్వాసమార్గము మడఁతపడును. మేల్కొనియున్న బిడ్డ కదలును, ఏడ్చును. నిద్రించుచున్న చంటిబిడ్డ తలయెత్తలేదు. అమెరికాలోని శిశువైద్యుల యకాడమీ 2022లో సవరించి ప్రకటించిన సూచనలలో శిశువును వెల్లకిలఁ, గట్టిదైన చదునైన, వాలులేని పడకమీఁద నిద్రింపఁజేయవలెనని చెప్పినది. ఆ సంవత్సరముననే యా దేశపు శాసనము 10 డిగ్రీలకు మించి వాలిన శిశుశయ్యల తయారును విక్రయమును నిషేధించెను. గుడ్డయుయ్యెల పల్లము వీఁపు వంపునుబట్టి చూచిన నా కొలతను దేలికగా మించును. నాలుగైదు నెలలకు బిడ్డ బోరగిలఁ దిరుగ నేర్చును. అప్పుడు చదునులేని గుడ్డలో ముఖము మునుఁగును. చీర త్రాళ్లు మెడకుఁ జుట్టుకొని బిడ్డలు, ఒక్కొకప్పుడు ఆడుకొనుచున్న పెద్దపిల్లలు సయిత మపాయమునఁ బడిన సంఘటనలు వైద్యపత్రికలలో నమోదైనవి. దూలమునకుఁ గట్టి విడిచిపెట్టిన చీర నేలను దాఁకకుండఁ జుట్టి పైకెత్తిపెట్టుట యందువలననే మంచిది.

ఉయ్యెలలోనే జీవితమెల్ల నిద్రించు జనులు లేరా యను ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. ఉన్నారు. కొలంబసు 1492లో బహామాద్వీపములఁ జేరినపు డచటి జనులు స్తంభముల నడుమ నూలువలలు గట్టి వానిలోఁ బరుండుట చూచి వానిని ‘హమాకా’ యని వ్రాసికొనెను. తైనోజాతివారి భాషలోని యా మాటయే ఆంగ్లమున హ్యామక్ అయినది. ఒవియేదో 1535లో సెవిల్ నగరమునఁ బ్రకటించిన యిండీసుల చరిత్రలో దానిని జిత్రముతోఁ గూడ వర్ణించెను. మెక్సికోలో యుకతాను ప్రాంతపు టిండ్ల గోడలకు నేఁటికిని గొక్కెములుండును. రాత్రి వలలను గట్టి యింటిల్లిపాదియుఁ బరుండి, యుదయమున విప్పి మూలకుఁ జేర్చుదురు. చిన్నయింటికి నది గొప్ప సౌకర్యము, వేసవిలో వల క్రిందినుండి గాలి తగులును, నేలపురుగులు సోకవు. అయినను నచటి వల వెడల్పైనది. దానిలోఁ ద్రాటివెంబడి నిలువుగాఁ బరుండరు, ఐమూలగాఁ బరుండుదురు. అట్లు పరుండినవాని వీఁపు చాలవఱకుఁ జదునగును. కదలికయందుఁ గాక చదునునందే దాని నిద్రాయోగ్యత యున్నది. శయ్యాలక్షణము రాఁగానే యది శయ్య యయ్యెను. అమరసింహుని విభాగమున కిది విరుద్ధము గాదు.

కావున నడకవచ్చి, తానే దిగి యెక్కఁగల పిల్లలకు వెడల్పైన నూలువలను నేలకుఁ జేరువగాఁ గట్టి, క్రిందఁ బఱుపు వైచి, యైమూలగాఁ బరుండ నేర్పినచో మంచమున కది బదులుగా నిలువవచ్చునని నా యభిప్రాయము. వలను రెండు కొక్కెముల నడుమఁ గట్టునపుడు త్రాడు బిగువుగా నడ్డముగా నుండిన నందమని తలఁతురు. అది పొరపాటు. త్రాడు సమతలమునకు 30 డిగ్రీల వాలున నుండినచో నొక్కొక కొక్కెమును బరుండినవాని పూర్తి బరువు లాగును. 15 డిగ్రీలకుఁ దగ్గించినచో లాగు బలము దాదాపు రెట్టింపగును. 20 కిలోల పిల్లవానికి 40 కిలోల బలమును గొక్కెము భరింపవలయును, ఆట యాడినచో నింకను నధికము. పాతదూలము దీనిని భరించెను; ఇటుకగోడ పూఁతలో దిగఁగొట్టిన మేకు భరింపదు.

చంటిబిడ్డకు మాత్రము పగటియుయ్యెల, అడ్డకఱ్ఱతో, చేరువ నొకరు మేల్కొనియుండఁగా. నిద్ర పట్టినపిదప వెల్లకిలఁ జదునైన పడకమీఁదికి. బోరగిలఁ దిరుగుట నేర్చిన దినమున నుయ్యెలను విప్పి, యా చీరను మరల దుప్పటిగా వాడుకొనవచ్చును.