రక్తం గడ్డకట్టనీయని మాత్రలు – ఆపత్కాలంలో విరుగుడు

ఒకనాటి ఉదయం, నా వద్దకు తరచు వచ్చే ఒక వృద్ధుని కుమారుడు ఆందోళనతో వచ్చాడు. "అయ్యా! నాన్నగారు స్నానాల గదిలో జారిపడ్డారు. తలకు దెబ్బ తగిలింది. పైకి గాయమేమీ లేదు గాని తలనొప్పి అంటున్నారు. పసరేదైనా ఇవ్వండి" అన్నాడు. ఆ పెద్దాయన గుండెలో కృత్రిమ కవాటం ఉన్నందున నిత్యం అసిట్రోం మాత్ర వాడుతున్న సంగతి నాకు తెలుసు. "పసరు వద్దు నాయనా! తక్షణం స్కానింగు ఉన్న పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళు. మందుల చీటీ మరువకు" అని పంపాను.

ఇవి రక్తాన్ని పలుచన చేస్తాయని వాడుక. నిజానికి గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. గడ్డకట్టించే నాలుగు ముఖ్య పదార్థాలను కాలేయం సిద్ధం చేయాలంటే 'కె' విటమిన్ అవసరం. అసిట్రోం, వార్ఫరిన్ ఆ విటమిన్ పనికి అడ్డుపడతాయి.

"తోటకూరలో, పాలకూరలో 'కె' విటమిన్ ఉందిగదా, రసం తాగిస్తే చాలదా?" అని మీరు అడగవచ్చు. చాలదు. నరం ద్వారా ఇచ్చినా కాలేయం కొత్త పదార్థాలను తయారుచేయడానికి గంటలు పడుతుంది. అందుకే ప్రాణాపాయకర రక్తస్రావంలో 'కె' విటమిన్‌తోపాటు, ఆ నాలుగు పదార్థాలు సిద్ధంగా ఉన్న సాంద్ర ఔషధాన్ని ఎక్కిస్తారు. అది నిమిషాలలో పనిచేస్తుంది. అది లభించనిచోట ప్లాస్మా ఎక్కిస్తారు.

డాబిగాట్రాన్, రివరాక్సబాన్, అపిక్సబాన్ అనే కొత్త మాత్రలకు 'కె' విటమిన్ విరుగుడు కాదు. డాబిగాట్రాన్‌కు ఇడారుసిజుమాబ్ అనే ప్రత్యేక విరుగుడును 2015లో అమెరికాలో ఆమోదించారు. కనుక మాత్ర పేరు, చివరిసారి వేసుకున్న వేళ వైద్యునికి చెప్పడం అత్యవసరం.

విరుగుడులోనూ ప్రమాదముంది. కవాటంపై గడ్డ ఏర్పడవచ్చు. అందుచేత చిగుళ్ళనుండి కాస్త రక్తం కనిపించగానే మాత్రను స్వయంగా మానరాదు, వైద్యుని అడగాలి. తలకు దెబ్బ, నల్లని విరేచనం, రక్తపు వాంతి, ఆగని రక్తస్రావం, మాట తడబడడం, మగత – వీటిలో ఏది కనిపించినా గృహచికిత్సతో కాలయాపన చేయవద్దు.

ఆ పెద్దాయన మెదడులో స్వల్ప రక్తస్రావం జరిగినట్లు స్కానింగులో తేలింది. సకాలంలో విరుగుడు అందడంతో కోలుకున్నారు. ఇప్పుడు ఆయన చొక్కా జేబులో మాత్ర పేరు, మోతాదు రాసిన చీటీ ఎప్పుడూ ఉంటుంది. మీ ఇంటి పెద్దల జేబులోనూ అటువంటి చీటీ ఉంచండి.