బరువు ఒకటైతే కొలెస్ట్రాలూ ఒకటేనా?

తెనాలి పిల్లాడు, రేపల్లె పిల్లాడు ఇద్దరూ 40 కిలోలే. కొలెస్ట్రాలూ సమానమేనా? చెప్పలేం. దాన్ని ఎక్కువగా మన కాలేయమే తయారుచేస్తుంది; అందులో వంశం పాత్ర పెద్దది. పైగా బరువులో కండెంతో, కొవ్వెంతో తూకం చెప్పదు. బాపట్ల బడిలో బక్కపిల్లను చూసి ‘ఒంట్లో కొవ్వే లేదు’ అనేయడం తప్పు. ఒక అధ్యయనంలో చూస్తే, పుణె పల్లెల్లో పుట్టిన శిశువులు ఇంగ్లండ్ శిశువులకన్నా దాదాపు 800 గ్రాములు తేలిక. అయినా చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు.

మరి తిండి? హైదరాబాద్ దగ్గర 1987–90లో కొన్ని ఊళ్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం ఇచ్చారు. మరికొన్ని ఊళ్లలో ఇవ్వలేదు. ఆ పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చాక కొలిస్తే, తిండి అందిన ఊళ్లవాళ్లు మిగతావాళ్లకన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు. కొలెస్ట్రాల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు!