ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరకపోతే ఎంతవుతుంది?

తాళం తిప్పగానే మీటరు బోర్డులో ఓ చిన్న బొమ్మ వెలుగుతుంది. సీట్లో మనిషి, అతని ముందు గుండ్రటి బుడగ. చాలా కార్లలో అది ఓ 6 సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆ కొద్ది సేపట్లో కారులోని ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు తన వైర్లన్నీ తడిమి చూసుకుంటుంది. అంతా సరిగ్గా ఉంటే దీపం ఆరుతుంది. ఆరకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే? అది ఇంకా పెద్ద అనుమానం. దాని సంగతి కాసేపట్లో.

పి.గన్నవరం, అంబాజీపేట, రాజోలు రోడ్ల మీద పదేళ్ళు దాటిన కుటుంబ కార్లు తక్కువేం లేవు. గల్ఫ్ డబ్బుతో కొన్నవి, హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయి కొత్తది కొనుక్కుని ఇంటికి పంపేసినవి, రెండు చేతులు మారి వచ్చినవి. దీపం ఆరని కారు వీటిలో మీకూ ఒకటి కనబడే ఉంటుంది. యజమాని మొదట అడిగేది "బండి ఆగిపోతుందా?" అని. ఆగదు. అందుకే ఆ దీపం నెలల తరబడి అలాగే వెలుగుతూ ఉంటుంది.

ముందు తేల్చుకోవాల్సింది, మీ కారులో అసలు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా అని. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జూలై 1 నుంచి. ముందు సీట్లు రెండిటికీ తప్పనిసరి అయింది 2022 మొదలు నుంచి. అంతకు ముందు కొన్న కారైతే వేరియంటును బట్టి ఉంటుంది. ఒకే మోడల్‌లో పై రకానికి రెండు బ్యాగులు, కింది రకానికి సున్నా. తేడా ఎంతో 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ చూపించింది. మన దేశంలో అమ్మే ఐదు కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూస్తే, బ్యాగులు లేని ఫోక్స్‌వ్యాగన్ పోలోకు పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రమూ రాలేదు. రెండు బ్యాగులున్న పోలోకు నాలుగు వచ్చాయి. స్టీరింగ్ మధ్యలోనూ, డాష్‌బోర్డు ఎడమ పక్కనా 'ఎస్ఆర్ఎస్ ఎయిర్‌బ్యాగ్' అన్న అక్షరాలు ఉన్నాయేమో చూస్తే మీ కారు సంగతి తెలిసిపోతుంది. ఎడమ పక్క అక్షరాల మీదే చాలామంది వెంకటేశ్వరస్వామినో, ఆంజనేయస్వామినో జిగురుతో అంటిస్తారు. భక్తిని తప్పు పట్టడం లేదు గానీ, ఆ మూత కింది నుంచే బ్యాగు గంటకు దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో పైకి లేస్తుంది. విగ్రహాన్ని కాస్త పక్కకు జరపండి.

ఆ వేగం ఎందుకంటే వ్యవధి అంత తక్కువ. గోడనో, లారీనో కారు గుద్దాక సెన్సరు దాన్ని పసిగట్టి, కంప్యూటరు తేల్చుకుని, గ్యాసు పుట్టించే డబ్బాను అంటించి, బ్యాగు నిండేసరికి సుమారు 50 మిల్లీసెకన్లు. కంటి రెప్పపాటు దీనికి రెండింతల పైనే. బెల్టు లేని మనిషి ఆ లోపే ముందుకు ఒరిగిపోయి, ఇంకా విచ్చుకుంటున్న బ్యాగును ముఖంతో ఎదుర్కొంటాడు. ఛాతీకీ స్టీరింగ్ మధ్య భాగానికీ 25 సెంటీమీటర్ల దూరం ఉండాలనడం ఇందుకే. ఒళ్ళో పిల్లాడిని కూర్చోబెట్టుకుని ముందు సీట్లో కూర్చునేవాళ్ళు ఈ అంకె రెండుసార్లు చదువుకోవాలి.

అమెరికా రహదారి భద్రతా సంస్థ లెక్కలో, కారు ముందు సీట్లలో ఉన్నవారికి చావు ముప్పును బెల్టు 45 శాతం తగ్గిస్తుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో సీటు బెల్టు పెట్టుకోకపోవడం వల్ల పోయినవాళ్ళు 16,715 మంది. వాళ్ళలో దాదాపు సగం, అంటే 8,331 మంది, డ్రైవర్లు కారు, ప్రయాణికులు. ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడు మాత్రమే. ఎస్ఆర్ఎస్‌లో మొదటి అక్షరానికి అర్థమూ అదే.

ఇక లోపాల సంగతి. పాత కారులో దీపం ఆరకపోవడానికి చాలాసార్లు కారణం బ్యాగు కాదు, బ్యాగు దాకా వెళ్ళే దారి. అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది క్లాక్ స్ప్రింగ్‌ను. కొందరు స్పైరల్ కేబుల్ అంటారు. స్టీరింగ్ తిరుగుతుంటే దానితోపాటు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండే పల్చటి రిబ్బను అది, స్టీరింగ్ కింద గుండ్రటి డబ్బాలో ఉంటుంది. ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి ఎక్కడో ఓ చోట చిట్లుతుంది. చాలా కార్లలో హారనుకూ, స్టీరింగ్ మీది ఆడియో బటన్లకూ కరెంటు వచ్చేది కూడా దాని గుండానే. కాబట్టి దీపం వెలుగుతూ, హారను కూడా మూగబోతే స్కానరు పెట్టకముందే సగం రోగం తెలిసినట్టే. ఇంకో దారిలో కూడా అది తెగుతుంది. రాక్ పనికో, బుష్‌ల పనికో స్టీరింగ్ ఊడదీసి, మళ్ళీ బిగించేటప్పుడు రిబ్బనును నడిమికి తేకుండా పెట్టేస్తే, మొదటిసారి పూర్తిగా తిప్పగానే పుటుక్కుమంటుంది. పని చేయించిన వారానికే దీపం వెలిగిందంటే ఇది గుర్తుకు రావాలి. ధర మోడల్‌ను బట్టి సుమారు రెండు వేల నుంచి పది వేల దాకా. మజూరీ వేరు.

తర్వాతివి కనెక్టర్లు. ఎయిర్‌బ్యాగ్ వైరింగ్‌కు చాలా కార్లలో పసుపు రంగు ఉంటుంది, చేయి పెట్టొద్దని హెచ్చరిక. సీటు కింద బకుల్ సెన్సరుకో, పక్క బ్యాగుకో వెళ్ళే కనెక్టరు సీటు ముందుకూ వెనక్కూ జరపడంతోనో, లోపల నీళ్ళు కొట్టి కడగడంతోనో వదులవుతుంది, లేదా పచ్చటి చిలుము పడుతుంది. ఆ పని కొన్ని వందల్లో తేలిపోతుంది. బ్యాటరీ నీరసించి, స్టార్టు చేసేటప్పుడు వోల్టేజి పడిపోయినా దీపం వెలగొచ్చు. అందుకని ఏ భాగమూ కొనకముందు స్కానరు పెట్టించి కోడ్ రాయించుకోండి. ఇక్కడో మెలిక ఉంది. షెడ్డుల్లో కనబడే చవక స్కానర్లలో చాలావరకు ఇంజను కోడ్‌లే చదువుతాయి, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరుతో మాట్లాడలేవు. "కోడేమీ లేదండీ" అని మెకానిక్ చెబితే, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ తెరిచి చూశారా అని అడగండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీగ తీసి ఆగాలి. కంపెనీని బట్టి ఒకటిన్నర నుంచి మూడు నిమిషాలు. కంప్యూటరులోని కెపాసిటర్లలో, కరెంటు పోయినా బ్యాగు పేల్చగలిగేంత శక్తి అప్పటిదాకా నిలిచి ఉంటుంది. ఆగని మెకానిక్ దగ్గర కారు పెట్టొద్దు. మామూలు మల్టీమీటరుతో బ్యాగు తీగలు కొలవబోయేవాడి దగ్గర అసలే పెట్టొద్దు.

ఇప్పుడు మొదట్లో దాటేసిన ప్రశ్న, దీపం అసలు వెలగకపోతే? బ్యాగు లోపలి నిప్పుముట్టించే తీగకు సుమారు 2 ఓముల నిరోధం ఉంటుంది. కంప్యూటరు ఆ రెండు ఓములనే వెతుకుతుంది. అది దొరికితే బ్యాగు ఉన్నట్టే లెక్క. ఈ సంగతి తెలిసిన కొందరు, పేలిపోయిన బ్యాగు స్థానంలో కొత్తది వేయకుండా, కొద్ది రూపాయల రెసిస్టెన్స్ ఒకటి తగిలించి మూత అతికించేస్తారు. దీపం బుద్ధిగా 6 సెకన్లకు ఆరిపోతుంది. లోపల బ్యాగు ఉండదు. ఇంకొందరు అంత కష్టం కూడా పడరు, బల్బే పీకేస్తారు. వెలగని దీపం అనుమానం అన్నది అందుకే. సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్తే రంగు, టైర్లు చూసే ముందు తాళం తిప్పి ఈ దీపం చూడండి. స్టీరింగ్ మూత, డాష్‌బోర్డు రంగుల్లో తేడా, ముందు బెల్టులు లాగితే పూర్తిగా రాకపోవడం, వచ్చినా వెనక్కి చుట్టుకోకపోవడం చూడండి. చాలా కార్లలో బ్యాగు పేలినప్పుడు బెల్టును బిగించే ప్రిటెన్షనరు కూడా పేలుతుంది, తర్వాత అది పనికిరాదు. ముందు బంపరుకు ఇనుప గార్డు ఉంటే తీయించండి. అది గుద్దుడు బలాన్ని సెన్సర్లకు వేరేలా అందిస్తుంది. కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది.

కోనసీమకు ప్రత్యేకమైన గొడవ నీళ్ళు. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు ఉండేది గేరు రాడ్డు దగ్గర, నేలకు ఆనుకుని. లోపలికి జానెడు నీళ్ళు వస్తే ముందు మునిగేది అదే, దానితోపాటు బెల్టు బిగించే భాగాలు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటి, బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన వరద దిగువకు వెళ్ళింది. గంటి పెదపూడి దగ్గర తాత్కాలిక గట్టు వరదకు కొట్టుకుపోతే ఊడిమూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట వైపు మనుషులు పడవెక్కాల్సిందే. కారుకు పడవ ఉండదు. రెండో హెచ్చరిక వినగానే ఎత్తుకు చేర్చడమే దారి. మునిగిన కారును ఎండబెట్టి స్టార్టు చేస్తే ఇంజను నడవొచ్చు, కార్పెట్టు కింద చిలుము మాత్రం పని మొదలుపెట్టేసి ఉంటుంది. దీపం నెలల తర్వాత వెలుగుతుంది, అప్పటికి వరదనూ దీపాన్నీ ఎవరూ కలిపి చూడరు. తడిసిన మాడ్యూల్‌ను విప్పి ఆరబెట్టి మళ్ళీ పెట్టడం నా దృష్టిలో మరమ్మతు కాదు, మార్చాల్సిందే.

బీమా సంగతి. సమగ్ర పాలసీ ఉంటే వరద నష్టం వస్తుంది. వైరు పాడైతే, కనెక్టరు వదులైతే రాదు, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌ను పాలసీ మినహాయిస్తుంది. థర్డ్ పార్టీ మాత్రమే ఉన్నవారికి రెండూ లేవు. ప్రమాదంలో బ్యాగులు పేలితే అసలు దెబ్బ తరుగుదలలో ఉంది. మన మోటారు టారిఫ్‌లో ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీలతోపాటు ఎయిర్‌బ్యాగులకు కూడా 50 శాతం తరుగు, కారు వయసు ఎంతైనా సరే. పదేళ్ళు దాటిన కారు ఇనుప భాగాలకూ 50 శాతమే.

లెక్క కోసం ఒక కారు అనుకుందాం. పదకొండేళ్ళది, బీమా విలువ 2,50,000. బిల్లు 1,60,000: బ్యాగులు, ప్లాస్టిక్ కలిపి 70,000, ఇనుప భాగాలు 50,000, మజూరీ 40,000. కంపెనీ ఇచ్చేది 35,000, 25,000, 40,000, కలిపి లక్ష. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత 1,000 తీసేస్తే 99,000. మీ జేబులోంచి 61,000. అదే బిల్లు బీమా విలువలో 75 శాతం, అంటే 1,87,500 దాటితే మరమ్మతే ఉండదు, కారును పూర్తి నష్టం కింద రాసేస్తారు. రెండు బ్యాగులు, మాడ్యూల్, బెల్టులు, డాష్‌బోర్డు ఒక్కసారే మార్చాల్సి వస్తే పాత చిన్న కారు ఆ గీత దాటడం కష్టమేమీ కాదు. రెసిస్టెన్స్ బేరం పుట్టేది ఈ లెక్కలోంచే. అలా పూర్తి నష్టం రాసిన కారు వేలంలో అమ్ముడై, చవగ్గా బాగుపడి, మళ్ళీ మన వీధిలోకే రావచ్చు.

చివరిది, దీపం ఎప్పటికీ చెప్పని లోపం. జపాన్ కంపెనీ టకాటా తయారుచేసిన గ్యాసు డబ్బాల్లో అమ్మోనియం నైట్రేట్ వాడారు. తేమను పీల్చే మందు చాలావాటిలో పెట్టలేదు. 2016లో ఒక స్వతంత్ర పరిశోధన మూడు కారణాలు తేల్చింది: తేమ మందు లేని ఆ రసాయనం, తేమను గట్టిగా ఆపలేని డబ్బా, ఏళ్ళ తరబడి వేడీ ఉక్కపోతా. ఈ మూడూ కలిస్తే బ్యాగు తెరుచుకునేటప్పుడు డబ్బా పగిలి, ఇనుప ముక్కలు మనిషి మీదికి వస్తాయి. అమెరికాలో 25 మందికి పైగా పోయారు, 400 మందికి పైగా గాయపడ్డారు. మలేసియాలో 2016లో పాత హోండా సిటీ కార్లలో చావులు నమోదయ్యాయి. అమెరికా తన రాష్ట్రాలను మూడు మండలాలు చేసి, ఫ్లోరిడా లాంటి వేడి, తేమ తీరాన్ని అన్నిటికంటే ముందు పెట్టింది. గోదావరి మే నెల ఎండా ఉక్కా తెలిసినవాడెవడూ కోనసీమను ఆ మొదటి మండలం బయట పెట్టడు. ఈ డబ్బా పాడైనా తీగ నిరోధం మారదు, దీపం మామూలుగా ఆరిపోతుంది.

మన దేశంలో ఈ డబ్బాల కోసం వెనక్కి పిలిచిన కార్లలో కొన్ని: హోండా 2016 జూలైలో 1,90,578, 2017 జనవరిలో 41,580, 2018 జనవరిలో 22,834. టయోటా 2017 జనవరిలో 23,157 కొరోల్లా ఆల్టిస్‌లు. ఫోర్డ్ 2019 జూలైలో 22,690 పాత ఎండీవర్‌లు. ఈ ఐదు ప్రకటనలే కలిపితే మూడు లక్షలు దాటాయి. కంపెనీ ఉత్తరం వెళ్ళేది రికార్డులో ఉన్న యజమానికి. చేతులు మారిన కారుకు ఆ ఉత్తరం అందదు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన తప్పనిసరి రీకాల్ నిబంధన ఏడేళ్ళ లోపు వాహనాలకే. కంపెనీ ఇదివరకే ప్రకటించిన రీకాల్ వేరు, దాన్ని పాత కారుకూ అడగండి.

ఆర్‌సీ మీద ఛాసిస్ నంబరు ఉంటుంది. మామూలుగా 17 అక్షరాలు, అంకెలు. దాన్ని కంపెనీ వెబ్‌సైటులో కొట్టండి, లేదా అమలాపురం, కాకినాడ, రాజమండ్రిలలో మీ కంపెనీ సర్వీస్ సెంటరుకు ఫోన్ చేసి చదివి వినిపించండి. పెండింగు రీకాల్ ఉందని తేలితే ఆ డబ్బా ఉచితంగా మారుస్తారు, విడి భాగానికీ మజూరీకీ మీరు రూపాయి కట్టనక్కర్లేదు.