పాలు పడని పసిబిడ్డ

చంటిబిడ్డ గుక్కపట్టి యేడ్చినచో దిష్టి తగిలినదని ఉప్పు, మిరపకాయలు దిగదుడుచుట మన యిండ్లలో పరిపాటి. దానివలన హాని లేదు. కాని డబ్బాపాలో, ఆవుపాలో పట్టిన పిమ్మట ఆ యేడ్పు మాటిమాటికి వచ్చుచు, వేరు చిహ్నములును తోడైనచో, పాలను గూర్చి కూడ ఆలోచింపవలెను.

ఆవుపాలలో కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ మొదలగు మాంసకృత్తులు గలవు. కొందరు శిశువుల శరీరము వీనిని శత్రువులుగా నెంచి ఎదిరించును. ఇదియే పాల ఎలర్జీ. పాలలోని చక్కెర అరగకపోవుట వేరు. అది పసికందులలో అరుదు.

కొందరికి పాలు త్రాగిన నిమిషములలోనో, 2 గంటల లోపలనో ఒంటినిండ దద్దుర్లు లేచును, పెదవులు వాచును, వాంతి యగును. ఊపిరి కష్టమైనను, బిడ్డ వాడిపోయి సొమ్మసిల్లినను క్షణము జాగు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. ఇది పోల్చుకొనుట సులభము. రెండవ విధమే తల్లులను తికమక పెట్టును. కొన్ని గంటలకో, రెండు మూడు దినములకో విరేచనములో జిగట, నెత్తుటి చారలు కనబడును. చర్మము గరుకెక్కి దురద పెట్టును. బిడ్డ బరువు పెరుగదు. వీనిలో ఏ యొక్కటియు పాలవలననే యని తేల్చిచెప్పదు. ఏడ్చు శిశువులలో అధికసంఖ్యాకులకు ఈ ఎలర్జీ యుండదు. ఏడాది లోపు పిల్లలలో నూటికి 2, 3 మందికి మించి కానరాదు.

“గేదెపాలు పట్టవచ్చునా, మేకపాలు పట్టవచ్చునా?” అని శ్రోతలు మమ్మడుగుచుందురు. పట్టరాదు. ఆ పాలలోని మాంసకృత్తులును ఇంచుమించు ఆవుపాలవాని వంటివే. ఎంత కాచినను కేసీన్ పోదు.

చనుబాలు మాన్పించుట అన్నిటికంటె పెద్ద పొరపాటు. తల్లి తిన్న పెరుగు, మజ్జిగల అంశము చనుబాలలోనికి స్వల్పముగ వచ్చును గాన, వైద్యుడు చెప్పినచో ఆమె 2 నుండి 4 వారములు పాలపదార్థములు మానిచూడవలెను. అప్పుడామెకు రాగులు, నువ్వులు, ముండ్లతో తిను చిన్నచేపలు సున్నపు ధాతువు నొసగును. డబ్బాపాలు త్రాగు బిడ్డకు మాంసకృత్తులను మిక్కిలి చిన్న తునకలుగా విడగొట్టిన ప్రత్యేకపు పాలు గలవు. అవి వైద్యుని సలహాపైననే వాడవలెను.

చిహ్నములు తగ్గిన పిదప వైద్యుని యెదుటనో, అనుమతితోనో తిరిగి కొంచెము పాలు ఇచ్చి చూతురు. అవి మరల కనబడిననే అనుమానము నిజమని తేలును. ఈ రెండవ మెట్టును మన యిండ్లలో తరచు విడిచిపెట్టుదురు. అందువలన ఏ దోషము లేని పిల్లలు సైతము ఏండ్ల తరబడి పెరుగన్నమునకు దూరమగుచున్నారు. నిజముగ ఎలర్జీ గల పిల్లలలోనైనను పెక్కుమందికి 3, 5 ఏండ్ల మధ్య పాలు పడుటకు మొదలిడును.