నర్సింగు డిగ్రీ: పదవ తరగతినాడే ఆలోచింపవలసిన చదువు

గత వేసవిలో మేము ఒక మెట్టప్రాంతపు గ్రామమునకు వెళ్లియుండగా ఒక రైతు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా కడకు వచ్చెను. “అమ్మాయి ఇంటరు మంచి మార్కులతో ప్యాసయిందండీ. నర్సు డిగ్రీ చదువుతానంటోంది. దరఖాస్తు ఎక్కడ పెట్టాలండీ?” అని అడిగెను. ఇంటరులో ఏ గ్రూపు చదివితివని మేము ఆ బాలికను ప్రశ్నించితిమి. సి.ఇ.సి. అని ఆమె బదులు చెప్పెను. స్నేహితురాండ్రందరును అందులో చేరుటచే తానును చేరినదట. ఆ చదువుతో నర్సింగు డిగ్రీలో ప్రవేశము లభింపదని చెప్పవలసివచ్చినప్పుడు మాకు మిక్కిలి బాధ కలిగినది. ఆమెకు తెలివి లేకకాదు, శ్రద్ధ లేకకాదు. రెండేండ్ల క్రిందట చెప్పువారు లేకపోయిరి. అట్టి నష్టము మరియొక ఇంట జరుగకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బి.యస్సి. నర్సింగు నాలుగు సంవత్సరముల చదువు. మన దేశమున ఈ పట్టవిద్య 1946లో ఢిల్లీ, వేలూరు నగరములలో ఆరంభమైనది. మొదట శరీర నిర్మాణము, శరీర ధర్మములు, పోషకాహారము, మనస్తత్వము మున్నగు విషయములు బోధింతురు. తరువాత సూక్ష్మజీవులు, ఔషధములు, శస్త్రచికిత్స పొందినవారి పరిచర్య, శిశుసంరక్షణ, ప్రసూతి, మానసికారోగ్యము, గ్రామారోగ్యము నేర్పుదురు. పుస్తకము చదివినంతమాత్రమున ఈ విద్య పూర్తికాదు. విద్యార్థులు ఆసుపత్రి వార్డులలోను, పల్లెలలోను పని నేర్చుకొనవలెను. ఉత్తీర్ణులైనవారు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో తమ పేరు నమోదు చేయించుకొనిన పిదపనే వృత్తిలో ప్రవేశింపగలరు.

ఇక అర్హతల మాట. భారత నర్సింగ్ కౌన్సిల్ నియమముల ప్రకారము ఇంటరులో భౌతిక, రసాయన, జీవశాస్త్రములు చదివి, ఇంగ్లీషులోను ఉత్తీర్ణులై యుండవలెను. అనగా మన వాడుకలో బై.పి.సి. గ్రూపు అన్నమాట. ఆ శాస్త్రములలో మొత్తముమీద నూటికి 45 మార్కులు, షెడ్యూల్డు కులములు, తెగలవారికి 40 మార్కులు రావలెను. చేరు సంవత్సరము డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండియుండవలెను. నర్సింగు విద్యకు 2023లో పార్లమెంటు నూతన చట్టము చేసియున్నందున, ఏ యేటి నియమములను ఆ యేటి ప్రకటనలోనే చూచుకొనుట మేలు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను ప్రవేశమునకు ఇ.ఎ.పి.సెట్ పరీక్షలోని ర్యాంకును చూచుచున్నారు. వ్యవసాయ, ఫార్మసీ విభాగమున ఈ పరీక్ష వ్రాయవలెను. మూడు గంటలలో 160 ప్రశ్నలు. అందు జీవశాస్త్రమునకు 80, భౌతిక, రసాయన శాస్త్రములకు 40 చొప్పున కేటాయింపబడినవి. తప్పు సమాధానమునకు మార్కులు తగ్గింపరు. ప్రశ్నలు తెలుగులోను ఉండును గావున తెలుగు మాధ్యమమున చదివినవారు భయపడ నవసరము లేదు.

ర్యాంకు వచ్చినంతనే సీటు వచ్చినట్లు కాదు. ఆంధ్రప్రదేశమున విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయము, తెలంగాణమున వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయము ప్రత్యేక ప్రకటన వెలువరించును. అప్పుడు మరల దరఖాస్తు చేసి, కోరిన కళాశాలలను వరుసగా ఎన్నుకొనవలెను. ఈ రెండవ దరఖాస్తును మరచి సీటు పోగొట్టుకొనుట తగదు. పదవ తరగతి, ఇంటరు మార్కుల పత్రములు, చదువు ధ్రువపత్రములు, బదిలీ పత్రము, కులము, ఆదాయముల ధ్రువపత్రములు ముందుగనే సిద్ధపరచుకొనవలెను. కడపటి దినమున కార్యాలయము చుట్టు తిరిగినందున ఫలితముండదు.

ఒక హెచ్చరిక. పరీక్షతో పనిలేకుండ సీటు ఇప్పించెదమని ముందుగా సొమ్మడుగు దళారులను నమ్మరాదు. కళాశాలకు నర్సింగ్ కౌన్సిల్ అనుమతియు, విశ్వవిద్యాలయపు గుర్తింపును ఉన్నవో లేవో చేరకముందే విచారింపవలెను. గుర్తింపులేని చోట నాలుగేండ్లు చదివినను కౌన్సిల్‌లో పేరు నమోదు కాదు. అమ్ముకొన్న పొలము తిరిగి రాదు. అసలు ధ్రువపత్రములను రసీదు లేనిదే ఎవరిచేతికిని ఈయకుడు.

రాత్రి పని యుండునని, పరుల రోగములు కడుగవలసి యుండునని కొందరు తల్లిదండ్రులు వెనుదీయుచున్నారు. రాత్రి పని యుండుట నిజమే. కాని మన ఇంటివారు ఆసుపత్రిలో నున్నప్పుడు ఆ రాత్రి మేలుకొని యుండునది ఎవరి బిడ్డయో ఆలోచింపవలెను. పైగా ఈ చదువు పట్టణములకే పరిమితము కాదు. మైదాన ప్రాంతమున 5,000 జనాభాకు, గిరిజన ప్రాంతమున 3,000 జనాభాకు ఒక ఆరోగ్య ఉపకేంద్రము ఉండవలెనని నియమము. 2018లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద ఇట్టి కేంద్రములలో నర్సింగు పట్టభద్రులను నియమించుచున్నారు. రక్తపోటు, మధుమేహము పరీక్షించుట, గర్భిణులను కనిపెట్టియుండుట వారి పనులలో ముఖ్యమైనవి.

ఆ రైతు కుమార్తెకు మేము వేరొక దారి చూపితిమి. జి.యన్.యం. అను మూడేండ్ల డిప్లొమాకు ఇతర గ్రూపులవారును అర్హులే. అది పూర్తిచేసి, కౌన్సిల్‌లో నమోదైనవారు రెండేండ్ల పోస్టు బేసిక్ బి.యస్సి. చదివి పట్టము పొందవచ్చును. దారి చుట్టే గాని గమ్యము ఒక్కటే. అయినను, తిన్నని దారి యుండగా మన పిల్లలు చుట్టు తిరుగనేల? మీ గ్రామమున ఈ యేడు పదవ తరగతి చదువుచున్న పిల్లలను, వారి తల్లిదండ్రులను ఒకనాడు బడిలో సమావేశపరచి ఈ సంగతులు చదివి వినిపింపవలసినదిగా ఉపాధ్యాయులను కోరుచున్నాము.