ముక్కలై సాగు సందేశము

గుంటూరులోని తల్లి చేతిఫోనుతో తీసిన ఫొటో డాలస్ నగరమందున్న కుమారునకు లిప్తకాలములో చేరుట నేడెవ్వరికిని వింతగా తోచదు. కాని ఆ ఫొటో ఒక్కటిగానే సముద్రములు దాటిపోవుచున్నదని తలచుట పొరపాటు. 30 లక్షల బైట్ల చిత్రము, ఒక్కొక్కటి 1500 బైట్లకు మించని ప్యాకెట్లుగా, అనగా 2000కు పైబడిన తునకలుగా విభక్తమై, ప్రతి తునకయు పంపినవారి చిరునామాను, చేరవలసిన చిరునామాను, తన వరుసను తెలుపు సంఖ్యను శిరమున ధరించి బయలుదేరును.

ఈ చిరునామాలన్నియు అంకెలే. మనుష్యులకు పేర్లు, యంత్రములకు అంకెలు సులభములు గనుక, 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన డి.ఎన్.ఎస్. అను వ్యవస్థ, ఫొటోను అందుకొని కుమారునకు చేరవేయు సర్వరు పేరునకు సరియైన ఐ.పి. సంఖ్యను, అనగా అంకెల చిరునామాను, వెదకి యిచ్చును. అటుపిమ్మట ప్యాకెట్టు, ఊరూర దారియడుగుచు సాగు బాటసారివలె, దారిచూపు యంత్రములగు రౌటర్లలో ఒకదానినుండి మరియొకదానికి చేరుచుండును. ఏ రౌటరునకును తుదివరకు గల మార్గమంతయు తెలియదు, తరువాతి మజిలీ యేదియో తెలిసిన చాలును. ముంబయి, చెన్నై తీరములనుండి కడలి అడుగున పరచిన కేబుళ్లలో, మిక్కిలి సన్నని గాజుపోగులగుండ, వెలుగు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగమున ఈ తునకలను మోసికొనిపోవును. ఒక కేబులు తెగినచో రౌటర్లు వేరొక త్రోవ పట్టించును.

అయినను దారిలో కొన్ని ప్యాకెట్లు నశించును, కొన్ని వెనుకముందులగును. వానిని సరిచేయు పూచీ నడుమనున్న రౌటర్లది కాదు, ఇరుకొసల నున్న యంత్రములది. అందినవానికి ఆవలి కొస బదులు పంపును. బదులు రాని తునకను ఈవలి కొస మరల పంపును. వరుస సంఖ్యలను బట్టి కూర్పగా చిత్రము యథాతథముగా రూపుదాల్చును. వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ 1974లో ప్రకటించిన ఈ పద్ధతికి టి.సి.పి. అని పేరు. అమెరికాలోని ఆర్పానెట్ అను కంప్యూటర్ల జాలము 1983 జనవరి 1న దీనికి మారినది; అదే ఆర్పానెట్‌పై 1969 అక్టోబరు 29న లాస్ ఏంజెలెస్ నుండి ‘లాగిన్’ అను ఐదక్షరముల ఆంగ్లపదము పంపబోగా, రెండక్షరములు చేరునప్పటికే ఆవలి కంప్యూటరు కుప్పగూలెను.

ఇంటర్నెట్టునకు యజమాని యొక్కడు లేడు. వేలకొలది సంస్థల జాలములు ఈ నియమములను పాటింప నంగీకరించినందుననే అది నిలిచియున్నది. 1995 ఆగస్టు 15న భారతదేశమున సామాన్యులకు లభ్యమైన నాటినుండి నేటివరకు మనమును ఆ నియమములకు లోబడియే యున్నాము. రౌటరు మోయునే గాని, మోయుచున్నది నిజమో కల్లయో అడుగదు. సందేశము చెక్కుచెదరక చేరినదా యని చూచుట కొసనున్న యంత్రము వంతు. అది నమ్మదగినదా యని చూచుట కొసనున్న పాఠకుని వంతు.