అరవై దాటినా దిగని గంప

మహానంది కోనేర్లలోని ఊటనీరు ఎండాకాలంలోనూ ఆగదు. బయటికి పారి చుట్టుపక్కల పొలాలను తడుపుతుంది. రాయలసీమలో ఇటువంటి పచ్చని నేల అరుదు. అయితే ఆ అరటితోటల వెంట నడిచినప్పుడు మేము చూసింది పచ్చదనం ఒక్కటే కాదు. కలుపు తీసే వరుసలో తల నెరసిన ఆడవాళ్లే ఎక్కువ. గెలలు మోసి లారీకెత్తేది మాత్రం కుర్రవాళ్లు, దానికి నడుము గట్టిగా ఉండాలి గదా! పిల్లోళ్లు యాడికి పోయినారంటే ఏ అవ్వయినా చెప్పేది హైదరాబాదు, లేకుంటే బెంగుళూరు.

నీళ్లున్న మహానందే ఇట్లుంటే పడమటి కర్నూలు మెట్టగ్రామాల గతి ఏమిటి? కోసిగి, ఆలూరు వైపు జనం ఏటా గుంటూరు మిరపకోతలకు బండ్లెక్కుతారు. బడికి పోవలసిన పిల్లలూ వాళ్ల వెంటే. ఇంటికి కాపలా ముసలివాళ్లు.

ప్రభుత్వ లెక్కలో పనిచేసే వయసు 15 నుంచి 59. అరవై నిండితే ‘ఆధారపడిన జనం’. ఈ గీత గీసిన అధికారికి ఆ వయసుకు రిటైర్మెంటు ఉంది. కూలికి ఎవరిచ్చారు?

1992–93లో ఉమ్మడి రాష్ట్రంలో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలుండగా, 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అది 1.7కు దిగింది. జనాభా తరగకుండా ఉండాలంటే 2.1 కావాలి. కేంద్రం అంచనా ప్రకారం 2021లో ఇక్కడ నూటికి 12 మంది అరవై దాటినవారు, 2031కి 16 మంది. పిల్లలూ వృద్ధులూ తక్కువై, పనిచేసే చేతులు ఎక్కువైన కాలాన్ని ఆర్థికవేత్తలు దేశానికి దక్కే లాభమంటారు. ఆ చేతులకు ఊర్లో పని దొరికితే గదా లాభం! మన పిల్లల కండలు బెంగుళూరు మేడలకు పోయినాయి, వాళ్ల అమ్మానాయనల పోషణ ఊరికి మిగిలింది.

పాలకుల తీరు చూడండి. ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయరాదని 1994 చట్టం. 2024లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. సాకేది ఎవరు?

రాష్ట్రం 2024లో వృద్ధాప్య పింఛను 4000 రూపాయలు చేసింది, అది చిన్న ఆసరా కాదు. అందులో 80 ఏండ్లలోపు వారికి కేంద్రం ఇచ్చేది 200 రూపాయలే. 2007 నుంచి అదే 200. ఉపాధి హామీ పనికి పై వయసు పరిమితి లేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం ఆమోదించింది. 125 రోజులని రాశారు. విత్తు, కోత కాలాల్లో 60 రోజుల దాకా పని ఆపవచ్చనీ రాశారు. గెల మోయలేని అవ్వ ఆ రోజుల్లో ఏ పనికి పోవాలి?

2011 తర్వాత జనగణన లేదు. కొత్త లెక్కకు 2027 మార్చి 1 ప్రాతిపదిక. గణకుడు అరుగు మీద కూర్చున్న అవ్వను చూసి ‘పని లేదు’ అని రాసుకోబోతే, కూలిసంఘాల కార్యకర్తలారా, పక్కనే నిలబడండి. పోయిన ఏడాది ఎన్ని నెలలు పొలానికి పోయిందో ఆమె నోటితోనే చెప్పించి రాయించండి.